పల్లెటూరి పాత పబ్: ఆల్డ్‌వర్త్ బెల్లా, నార్టన్ జార్జా?

వేసవి వస్తే చాలు, ఇంగ్లండ్‌లో రెడింగ్, స్లవ్ చుట్టుపక్కల మనవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. అమ్మానాన్నలు వచ్చారు, లండన్ ఐ, విండ్సర్ కోట చూపించేశాం, ఇప్పుడు పల్లెటూళ్లో ఒక పాతకాలం పబ్‌కి తీసుకెళ్దామంటే ఎక్కడికి? విడివిడిగా జవాబులు రాసి రాసి విసుగొచ్చి, నా లెక్క ఇక్కడ పెడుతున్నాను. అసలు పోటీ రెండింటి మధ్యే. ఒకటి బర్క్‌షైర్‌లోని ఆల్డ్‌వర్త్ అనే చిన్న ఊళ్లో ఉన్న బెల్ ఇన్. రెండోది బాత్ నగరానికి ఏడు మైళ్ల దూరంలో, సోమర్‌సెట్‌లోని నార్టన్ సెయింట్ ఫిలిప్ ఊళ్లో ఉన్న జార్జ్ ఇన్.

ఏది ఎక్కువ పాతది అన్న గొడవ మాత్రం మొదట్లోనే వదిలేయండి. దేశంలో మాదే అతి పాత పబ్ అని చెప్పుకునేవి బోలెడు. సెయింట్ ఆల్బన్స్‌లోని ఫైటింగ్ కాక్స్‌కి ఒకప్పుడు గిన్నిస్ రికార్డుల వాళ్లు ఆ బిరుదు ఇచ్చారు కూడా. తేల్చడం ఎవరి తరమూ కాక 2000లో ఆ విభాగాన్నే ఎత్తేశారు. జార్జ్ వాళ్లు 1397 నుంచి లైసెన్సు ఉందంటారు. ఉంటే ఉండనీండి.

చరిత్ర కావాలంటే జార్జ్‌కి తిరుగులేదు. దగ్గర్లోని హింటన్ మఠం సన్యాసుల చేతిలో ఉండేదిది. ఊళ్లో ఉన్ని సంతలు జరిగేవి, వ్యాపారుల బస, సరుకు నిల్వ అన్నీ ఇక్కడే. కింద రాతికట్టడం, పైన కొంచెం ముందుకు పొడుచుకొచ్చిన కర్ర దూలాల అంతస్తులు, వెనక పెద్ద ప్రాంగణం. డైరీలు రాసి పేరు తెచ్చుకున్న శామ్యూల్ పెపిస్ 1668 జూన్ 12న భార్యతో సహా ఇక్కడ ఆగి భోంచేసి, పది షిల్లింగులైందని ఖర్చుతో సహా రాసుకున్నాడు. 1685లో రాజు రెండో జేమ్స్ మీద తిరగబడ్డ మన్మత్ డ్యూక్ ఈ ఇంట్లోనే మకాం పెట్టాడు. జూన్ 27న ఊరి వీధుల్లోనే రాజు సైన్యంతో కొట్లాట జరిగింది. కిటికీ దగ్గర గడ్డం గీసుకుంటున్న డ్యూక్‌ని ఎవరో తుపాకీతో కాల్చబోతే గురి తప్పిందని ఊరివాళ్లు ఇప్పటికీ చెబుతారు. తిరుగుబాటు అణిచేశాక ఈ సత్రంలోనే విచారణలు జరిపి, ఊళ్లో పన్నెండుమందిని చంపారని కూడా అంటారు. ఇంత కథ చెప్పడానికి దొరికే పబ్ ఇంకోటి వెతుక్కోవాలి.

తిండి కూడా జార్జ్‌లోనే మేలు. అసలైన వంటగది ఉంది, మెనూ ఉంది, రాత్రి ఉండాలంటే గదులున్నాయి. బెల్‌కి వెళ్తే వేడివేడి రోల్స్, సూప్, అలాంటివే. పెద్దవాళ్లు శాకాహారులైతే చీజ్ రోల్‌తో సరిపెట్టుకోవాలి. మధ్యాహ్నం కడుపు నిండా తినాలన్న ఆశతో ఎవర్నీ అక్కడికి తీసుకెళ్లకండి.

ఇన్ని మార్కులు జార్జ్‌కి వేశాక కూడా నన్నడిగితే బెల్ అనే అంటాను. కారణం ఒక్కటే: కూర్చునే తీరు.

జార్జ్‌లో మనం కస్టమర్లం. టేబుల్ బుక్ చేసుకుంటాం, మనవాళ్లం నలుగురం ఒక మూల కూర్చుంటాం, తింటాం, గోడల మీద బొమ్మలు చూస్తాం, ఫొటోలు దిగుతాం, వచ్చేస్తాం. బయటివాళ్లతో ఒక్క మాట కలవదు. అమ్మానాన్నలకి అదొక పాత భవనంలో హోటల్ భోజనం, అంతే.

బెల్‌లో పొడవాటి బార్ కౌంటరే లేదు. రైల్వే టికెట్ల కిటికీలాగా గాజు పలకలు బిగించిన చిన్న కిటికీ ఒకటి ఉంటుంది. తలుపు జరిపి మీ పింటో హాఫో చేతికిస్తారు. గదులు చిన్నవి, బల్లలు తక్కువ, కాబట్టి పక్కవాళ్లు జరిగి చోటివ్వాల్సిందే, మాట కలపాల్సిందే. పాటలు మోగవు, గేమ్ మిషన్లు లేవు, గోడ గడియారానికి ముల్లు ఒక్కటే. రెండున్నర శతాబ్దాలకు పైగా ఒకే కుటుంబం నడుపుతోంది. ఏల్ అంటే ఇక్కడి సంప్రదాయ బీరు; మంచి ఏల్ కోసం 1971లో పుట్టిన కామ్రా అనే తాగేవాళ్ల సంఘం 1990లో ఒకసారి, 2019కి మళ్లీ ఒకసారి దీన్ని దేశంలోకెల్లా ఉత్తమ పబ్ అంది. అన్నట్టు, ఏల్ ఐసు చల్లగా ఉండదు. నేలమాళిగ చల్లదనమే దాని చల్లదనం. తిరిగిచ్చేసి పరువు తీసుకోకండి.

మా మామగారు తెనాలి పక్కన వరి, పసుపు పండించిన మనిషి. మందు ముట్టరు. పబ్ అనగానే ముందు మొహం చిట్లించారు. నారింజ రసం గ్లాసు పట్టుకుని కూర్చున్నాక, పక్కన కుక్కతో వచ్చిన పెద్దాయన బూట్ల మట్టి చూసి రైతని గుర్తుపట్టి, ఎకరానికి గోధుమ ఎంత దిగుతుందో నాచేత అడిగించారు. మూడు టన్నులకి తక్కువ రాదన్నాడాయన. "అంటే నలభై బస్తాలు" అని మామగారు అక్కడికక్కడే లెక్కగట్టి, ఎరువు ఏ నెలలో వేస్తారన్నారు. అక్కణ్నుంచి గంటసేపు నాకు తర్జుమా చేయడమే పని. జార్జ్‌లో మన్మత్ డ్యూక్ కథ నేను ఎంత బాగా చెప్పినా ఈ గంట రాదు.

బెల్‌కి ఇంకో లాభం, అదే ఊళ్లోని సెయింట్ మేరీ చర్చి. డి లా బెష్ అనే కుటుంబానివి 14వ శతాబ్దం నాటి రాతి విగ్రహాలు తొమ్మిది ఉన్నాయి, మామూలు మనిషి కంటే పెద్దవి. ఊరివాళ్లు వాటిని ఆల్డ్‌వర్త్ రాక్షసులంటారు. అందులో ఒకాయన, చర్చి లోపల పాతినా బయట పాతినా నా ఆత్మ నీదే అని సైతానుతో ఒప్పందం చేసుకుని, తీరా చచ్చాక గోడ మధ్యలో సమాధి కట్టించుకుని తప్పించుకున్నాడట. మా అత్తగారు ఆ కథ విని, గడప మీద కూర్చున్న నరసింహస్వామి కథ తిరగేశారు కదా అన్నారు.

దారి విషయంలో రెండూ సులువేమీ కాదు. జార్జ్‌కి బాత్ నుంచి ఫ్రోమ్ వెళ్లే బస్సుంది. బెల్‌కి రెడింగ్ నుంచి రైల్లో గోరింగ్ స్టేషన్‌లో దిగితే, అక్కణ్నుంచి థేమ్స్ వంతెన దాటి గుట్ట ఎక్కుతూ సుమారు నాలుగు మైళ్లు. నడిచే ఓపిక ఉన్నవాళ్లకి దారి చాలా బాగుంటుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకైతే టాక్సీ ముందే చెప్పుకోండి. కారులో వెళ్తే నడిపేవాళ్లు మందు జోలికే పోవద్దు. ఇంగ్లండ్‌లో పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 80 మిల్లీగ్రాములు, స్కాట్లండ్‌లో కంటే ఎక్కువే. కానీ ఆ లెక్క మీద ధీమా పెట్టుకుని ఇరుకు సందుల్లో బండి నడపడం ఎందుకు?

మిగతావి రెండు ముక్కల్లో. యార్క్‌షైర్‌లోని టాన్ హిల్ దేశంలోకెల్లా ఎత్తైన పబ్, 1,732 అడుగులు. 2021 నవంబర్‌లో ఆర్వెన్ తుఫాను మంచులో 61 మంది మూడు రాత్రులు అక్కడే ఇరుక్కుపోయారు. కుర్రాళ్లకి బాగుంటుంది, పెద్దవాళ్లతో వద్దు. డోర్సెట్‌లోని స్క్వేర్ అండ్ కంపాస్‌లోనూ కౌంటర్ లేదు, కిటికీలోంచే ఇస్తారు. సముద్రం కనిపిస్తుంది, శిలాజాల చిన్న మ్యూజియం ఉంది. లండన్ వైపు నుంచి మరీ దూరం కాకపోయుంటే బెల్‌కి పోటీ వచ్చేది.

బీఫ్ తినని ఇంట్లోవాళ్లు ఎక్కడికెళ్లినా చిప్స్ దేంట్లో వేయిస్తారో అడగండి, ముఖ్యంగా ఉత్తరాన చాలాచోట్ల గొడ్డు కొవ్వు వాడతారు. జార్జ్‌కి ఆదివారం వెళ్లేట్టయితే టేబుల్ ముందే చెప్పుకోండి. బెల్‌కి సోమవారం మాత్రం బయల్దేరకండి, ఎన్నో ఏళ్లుగా వాళ్లకి ఆ రోజు సెలవు.