పొగగొట్టం వెనుక బాల్కనీ: మధ్యధరా సముద్రంలో ఒక ఓడ, నార్వేలో ఇంకొక ఓడ

క్రూయిజ్ యాత్రల గురించి రాసేవారు సాధారణంగా భోజనశాలలను, ఈతకొలనులను, రాత్రి ప్రదర్శనలను వర్ణిస్తారు. అవన్నీ మా ఓడలోనూ బాగానే ఉన్నాయి. కానీ ఇద్దరికి 2,480 యూరోలు చెల్లించి తీసుకున్న బాల్కనీ గదిలో ఓడ పొగ వల్ల తలుపు తెరుచుకుని కూర్చోలేకపోయిన మాకు ఆ వైభవమంతా రుచించలేదు. ఆ పొగ మా మీదికి ఎందుకు వచ్చిందో, మరుసటి ఏడాది నార్వే రేవులో ఎందుకు రాలేదో టికెట్ కొనబోయేవారికి ముందే తెలియడం అవసరమనిపించి ఇది రాస్తున్నాను.

2024 సెప్టెంబరులో బార్సిలోనా నుంచి బయలుదేరి మార్సెయ్, జెనోవా, చివితావెక్కియా, పాలెర్మో, పాల్మా చూపించి తిరిగి బార్సిలోనాకు చేర్చే వారం రోజుల ప్యాకేజీ అది. నేను, నా భార్య, మా తోడల్లుడు, మరదలు కలిసి వెళ్ళాము. వీసాలు, విమానాలు ఏ ఇబ్బందీ లేకుండా అమరాయి. ఓడ వెనుక భాగంలో బాల్కనీ తీసుకుంటే ఓడ చీల్చుకుంటూ పోయిన నీటి జాడ కనిపిస్తుందని బుకింగు చేసినవారు నచ్చజెప్పారు. లోపలి గది కంటే దానికి 640 యూరోలు ఎక్కువ. ఆ వెనుక భాగానికి కాస్త ముందే పొగగొట్టం ఉంటుందని, ఓడ నడుస్తున్నప్పుడు పొగ వెనక్కే వాలుతుందని మాత్రం వారు చెప్పలేదు.

మార్సెయ్ దాటిన మరునాడు ఉదయం నా భార్య కుర్చీ మీద ఆరవేసిన తెల్ల తువ్వాలు నిండా నల్లటి చుక్కలు కనిపించాయి. మాది విశాఖపట్నం; రేవు బొగ్గు ధూళి పాత పట్నంలో ఇళ్ళ గచ్చుల మీద పడడం మాకు కొత్త కాదు. అయితే ఆ ధూళి దులిపితే పోతుంది. ఇది వేలితో తుడిస్తే నూనెలో రంగరించిన కాటుకలా సాగి, తువ్వాలును ఇంకా పాడు చేసింది. మరదలికి ఉబ్బసం ఉంది. రెండో రోజు నుంచే ఆమె ఇన్‌హేలర్ చేత్తో పట్టుకుని తిరగవలసి వచ్చింది. "బావగారూ, సముద్రపు గాలి మంచిదని తీసుకొచ్చారు, నేను ఏసీ గదిలోనే కూర్చుంటాను" అని ఆమె అన్నప్పుడు నాకు ఏం చెప్పాలో తోచలేదు. తోడల్లుడు కట్టిన ప్రతి యూరోనూ లెక్క వేసుకునే మనిషి. భోజనం బల్ల దగ్గర కూడా ఆయన ముభావంగానే ఉన్నారు.

ఫిర్యాదుల కౌంటరులోని యువతి ఎంతో మర్యాదగా విన్నది. ఓడలో ఆధునికమైన పొగ శుద్ధి యంత్రం ఉందని, అన్నీ అంతర్జాతీయ నిబంధనల ప్రకారమే జరుగుతున్నాయని చెప్పి, ఓడలోనే ఖర్చు పెట్టుకోవలసిన 50 యూరోల కూపను ఇచ్చింది. గది మార్చమంటే ఖాళీలు లేవన్నారు. చివరి రోజు బిల్లులో మనిషికి రోజుకు 12 యూరోల చొప్పున సేవా రుసుము మాత్రం తప్పకుండా చేరింది.

ఆమె చెప్పింది అబద్ధం కాదు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది అదే. 2020 జనవరి 1 నుంచి ప్రపంచమంతటా ఓడల ఇంధనంలో గంధకం 0.5 శాతానికి మించకూడదు. అంతకు ముందు 3.5 శాతం దాకా అనుమతి ఉండేది. వినడానికి పెద్ద మెరుగుదలే. కానీ ఐరోపాలోనూ, 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలోనూ లారీలకు పోసే డీజిల్‌లో ఉండదగిన గంధకం 0.001 శాతమే, అంటే ఓడకు ఇచ్చిన వాటాలో అయిదువందల వంతు. ఆ 0.5 శాతం ఇంధనం కూడా ఖరీదనుకునే సంస్థలు పొగగొట్టంలో స్క్రబ్బరు అనే యంత్రాన్ని అమర్చుకుని, చవకైన చిక్కటి నూనెనే మండించవచ్చు. చాలా స్క్రబ్బర్లు సముద్రపు నీటిని పొగ మీద చిమ్మి, గంధకాన్ని కడిగి, ఆమ్లమూ లోహాలూ కలిసిన ఆ నీటిని తిరిగి సముద్రంలోకే వదులుతాయి. గాలిలోకి పోవలసిన విషం నీటిలోకి పోతుంది. మా తువ్వాలు మీద పడిన మసి సంగతి వేరు: కార్లకు మసి రేణువులపై పరిమితి ఉన్నట్లుగా ఓడల పొగలోని మసికి అంతర్జాతీయ నిబంధనల్లో నేరుగా ఏ పరిమితీ లేదు.

రేవులో కట్టేశాక కూడా ఓడ ఊపిరి ఆగదు. వేలమందికి ఏసీలు, వంటశాలలు, దీపాలు నడవాలంటే యంత్రాలు తిరుగుతూనే ఉండాలి. ఐరోపా రేవుల్లో రెండు గంటలకు మించి ఆగే ఓడలు 0.1 శాతం గంధకం ఉన్న ఇంధనమే వాడాలన్న నియమం 2010 నుంచి ఉంది. అయినా పొగ పొగే. మార్సెయ్‌లో కోర్సికా దీవికి వెళ్ళే కొన్ని ఫెర్రీలు 2017 నుంచే రేవులో గట్టు మీది కరెంటు కేబులు తగిలించుకుని యంత్రాలు ఆపేస్తున్నాయి. మా ఓడ మాత్రం రోజంతా పొగ వదులుతూనే ఉంది. 2022లో ఆ నగర మేయరు బెన్వా పయాన్ స్వయంగా క్రూయిజ్ ఓడల కాలుష్యంపై సంతకాల సేకరణ మొదలుపెట్టారంటే అక్కడివారి విసుగు అర్థం చేసుకోవచ్చు.

ట్రాన్స్‌పోర్ట్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే సంస్థ 2023లో వేసిన లెక్క ప్రకారం, అంతకు ముందు ఏడాది ఐరోపాలో తిరిగిన 218 క్రూయిజ్ ఓడలు వంద కోట్ల కార్లు వదిలేటంత గంధక వాయువులను వదిలాయి. ఆ కాలుష్యం పడిన రేవుల్లో మొదటి స్థానం బార్సిలోనాది, రెండోది చివితావెక్కియాది. రెండూ మేము దిగినవే. ఒకప్పుడు ఆ జాబితాలో మొదటి వరుసలో నిలిచిన వెనిస్, 2021 ఆగస్టు నుంచి పెద్ద ఓడలను నగరం నడుమకు రానివ్వకపోవడంతో, 80 శాతం తగ్గింపు సాధించింది. అయితే అక్కడికి రాని ఓడలు మాయం కాలేదు; త్రియెస్తే వంటి పక్క రేవులకు మళ్ళాయి. గట్టిగా మాట్లాడగలిగిన ఊరికి మంచి గాలి, లేని ఊరికి ఆ పొగ.

2025 జూన్‌లో మా అబ్బాయి జర్మనీ నుంచి మమ్మల్ని నార్వేకు తీసుకెళ్ళాడు. కీల్ నుంచి బయలుదేరే ఓడ, అదే సంస్థది. ఈసారి ముందువైపు గది అడిగి తీసుకున్నాము. ఇద్దరికి 2,910 యూరోలు. మరదలు రానంది, తోడల్లుడు ఆమెతోనే ఉండిపోయారు. బాల్టిక్, ఉత్తర సముద్రాల్లో 2015 నుంచి గంధకం పరిమితి 0.1 శాతమే. ఒకే సంస్థ ఓడలు, గోడల మీద అవే పర్యావరణ ప్రేమ పోస్టర్లు. మారింది తీరం రాసిన చట్టం ఒక్కటే.

బెర్గెన్ రేవులో నేను చూసింది వివరంగా చెప్పాలి. ఓడ కట్టిన కొద్దిసేపటికి చేతికి తొడుగులు వేసుకున్న ఇద్దరు మనుషులు గట్టు మీది యంత్రపు చేతిని ఓడ పక్కనున్న చిన్న తలుపు దాకా చాపి, ముంజేతి లావున్న కేబుళ్ళను ఒక్కొక్కటిగా లోపలికి అందించారు. కాసేపటికి కాళ్ళ కింద డెక్ అదరడం ఆగిపోయింది. పొగగొట్టం మీద గాలి తేటగా ఉంది. ఆ కరెంటు చాలావరకు జలవిద్యుత్తే. 2020 నుంచి అక్కడ ఒకేసారి మూడు క్రూయిజ్ ఓడలు అలా తీర విద్యుత్తు తీసుకోగలవు. నా భార్య పై డెక్ మీద టీ కప్పుతో కూర్చుని, చెల్లెలు వచ్చి ఉంటే బాగుండేదని చాలాసార్లు అన్నది.

అంతకంటే పెద్ద ఆనందం ఫ్లామ్ అనే ఊరి దగ్గర దొరికింది. అక్కడి నుంచి నేరోయ్ ఫ్యోర్డ్ (ఫ్యోర్డ్ అంటే నిట్టనిలువు కొండల నడుమకు చొచ్చుకొచ్చిన ఇరుకైన సముద్రపు పాయ) మీదుగా గుడ్వాంగెన్‌కు వెళ్ళే విహార నౌక పూర్తిగా బ్యాటరీతో నడుస్తుంది. పేరు ఫ్యూచర్ ఆఫ్ ది ఫ్యోర్డ్స్, 2018 నుంచి తిరుగుతోంది. టికెట్ మాకు మనిషికి 790 క్రోనర్లు పడింది, తిరుగు బస్సు అదనం. నాలుగు వందల మంది ఎక్కగల నౌక కొండల నడుమ అంత నిశ్శబ్దంగా కదులుతుంటే జలపాతాల చప్పుడూ గట్టు మీది మేకల అరుపూ స్పష్టంగా వినిపించాయి. గుడ్వాంగెన్ చిన్న ఊరు, అక్కడి తీగలు ఒక్కసారిగా అంత విద్యుత్తును అందించలేవు. అందుకని నీటిపై తేలే రేవులోనే బ్యాటరీలు పెట్టి, వాటిని నెమ్మదిగా నింపుకుని, నౌక వచ్చినప్పుడు ఇరవై నిమిషాల్లో చార్జి చేస్తున్నారు.

అయితే నార్వేను తప్పులేనిదిగా చూపడం నా ఉద్దేశం కాదు. యునెస్కో గుర్తించిన ఆ ఫ్యోర్డులలోకి 2026 జనవరి నుంచి కాలుష్యం లేని ఓడలే రావాలని 2018లోనే పార్లమెంటు నిర్ణయించింది. తీరా గడువు దగ్గర పడేసరికి పదివేల టన్నుల లోపు ఓడలకే ఆ తేదీ వర్తింపజేసి, అసలు పొగ పోసే పెద్ద ఓడలకు 2032 దాకా వాయిదా ఇచ్చారు. నిట్టనిలువు కొండలున్న గైరాంగర్ ఫ్యోర్డులో గాలి కదలని రోజు ఆ పొగ నీటి మీదే నిలిచిపోతుంది. స్థానికుల ఉపాధి పెద్ద ఓడల మీద ఆధారపడి ఉందన్నది నిజమే. కానీ చిన్నవారికి ముందు నియమం, పెద్దవారికి తర్వాత నియమం న్యాయం కాదు.

మధ్యధరా యాత్రకు వెళ్ళేవారికి ఒక మంచి మాట: 2025 మే 1 నుంచి అక్కడ కూడా గంధకం పరిమితి 0.1 శాతానికి దిగింది. కానీ స్క్రబ్బర్లకు అనుమతి అలాగే ఉంది, నత్రజని వాయువులకు ఆ నియమం వర్తించదు. అందువల్ల బుకింగు చేసేవారిని మూడు విషయాలు అడగండి: ఓడ ఏ ఇంధనం మండిస్తుంది, స్క్రబ్బరు ఉందా, ఏయే రేవుల్లో తీర విద్యుత్తు తీసుకుంటుంది. జవాబు రాతపూర్వకంగా ఇవ్వనివారి దగ్గర టికెట్ కొనకండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే వెనుక బాల్కనీ ఉచితంగా ఇచ్చినా వద్దు. ఫ్యోర్డులే చూడాలనుకుంటే పెద్ద ఓడ అసలు అవసరమే లేదు. బెర్గెన్ నుంచి మిర్డాల్‌కు, అక్కడి నుంచి ఫ్లామ్‌కు విద్యుత్ రైళ్ళున్నాయి. ఫ్లామ్‌లో ఒక రాత్రి ఉండి, ఉదయం మొదటి బ్యాటరీ నౌకకు ముందురోజే టికెట్ తీసుకోండి. ఎడమవైపు పై డెక్ ముందుగా నిండుతుంది.