నల్ల మచ్చను నమ్మి కెపాసిటర్లు కొనకండి

బరంపురంలో సర్క్యూట్లు కట్టుకునే మనవాళ్లందరూ విడిభాగాలు తెప్పించుకునే ఆ దుకాణం సంగతే ఇది. పేరు రాయను, మీకు తెలుసు. ఆసిలేటర్ (ఒకే ఫ్రీక్వెన్సీని పుట్టించే సర్క్యూట్) కట్టుకోవడానికి 220 పికోఫారడ్ ఎన్‌పీఓ రకం, అంటే వేడికి విలువ దాదాపు మారని డిస్క్ కెపాసిటర్లు 50 కావాలని 400 రూపాయలు ముందే పంపాను, సరుకు బస్సులో పర్లాకిమిడికి వచ్చింది.

నేను కట్టిన కోల్పిట్స్ రకం ఆసిలేటర్‌లో కాయిల్‌కు అడ్డంగా శ్రేణిలో ఉండే రెండు కెపాసిటర్ల మీదే ఇటు ఫ్రీక్వెన్సీ, అటు ఫీడ్‌బ్యాక్ ఆధారపడతాయి. 220 చొప్పున రెండు శ్రేణిలో కలిస్తే 110 పికోఫారడ్ అవుతుంది, 4.5 మైక్రోహెన్రీల కాయిల్‌తో లెక్కకు సుమారు 7.15 మెగాహెర్ట్జ్ రావాలి. వచ్చింది కూడా, కానీ పది నిమిషాల్లో 18 కిలోహెర్ట్జ్ జారిపోయింది, పక్కన నిలబడి ఊపిరి వదిలినా ఫ్రీక్వెన్సీ కౌంటర్‌లో అంకెలు కదిలాయి. తప్పు నాదే అనుకుని కాయిల్‌ను మూడుసార్లు విప్పి చుట్టాను, రెగ్యులేటర్ మార్చాను, పెట్టెకు మూత బిగించాను. ఇన్నేళ్లుగా సోల్డరింగ్ ఐరన్ పట్టినవాడికి కెపాసిటర్‌ను అనుమానించాలని తోచలేదు, అదీ నా తెలివి.

నాలుగో రోజు రాత్రి బోర్డు మీది ఫ్లక్స్‌ను స్పిరిట్‌లో ముంచిన బ్రష్‌తో తుడుస్తుంటే బ్రష్ కొస నల్లబడింది. డిస్క్ నెత్తిన నల్ల మచ్చ ఉంటే ఎన్‌పీఓ అని మనం నేర్చుకున్నదే కదా, ఆ మచ్చను మార్కర్ పెన్నుతో దిద్దారు. మిగిలినవన్నీ దూదితో తుడిచాను, ఒక్కదాని మచ్చా నిలవలేదు. ఎన్‌పీఓ విలువ డిగ్రీకి 30 పీపీఎం (పది లక్షల్లో 30 వంతులు) మించి మారదు. నాకు అంటగట్టినవి వేడి తగిలితే విలువ మారిపోయే మామూలు రకం.

ఫోన్ చేస్తే, డబ్బు అందేవరకు “గురువు గారూ, మీకు కాక ఇంకెవరికి ఇస్తాం” అన్న మనిషే “సర్క్యూట్ కట్టడం రానివాళ్లందరూ సరుకును తిడతారు, వాడినవి వెనక్కి తీసుకోము” అని పెట్టేశాడు. నేను వాడినవి రెండే, మిగతా 48 బల్ల మీద బోడి నెత్తులతో నన్నే చూస్తున్నాయి. ఎనిమిది రూపాయలకొకటి చొప్పున ఇంత చక్కటి చేతిపనిని కొన్నందుకు గర్వపడాలి కాబోలు.

కొన్నవాళ్లు సోల్డర్ చేయకముందే ఒకదాన్ని స్పిరిట్‌తో రుద్ది చూడండి. ఇప్పటికే బిగించి ఉంటే, ఐరన్ మొనను తగలకుండా దగ్గరకు తెచ్చి కౌంటర్ మీద ఓ కన్నేయండి, అంకెలు పరుగెడితే మీకూ ఇవే అంటగట్టారన్నమాట.