క్లిప్స్ ‘హెల్ హ్యాత్ నో ఫ్యూరీ’: రివ్యూలు నిండుగా, గల్లాపెట్టె ఖాళీగా

ముందు సరుకు సంగతి. ఈ రాప్ ఆల్బమ్‌లో 12 పాటలు, 48 నిమిషాలు. బీట్లన్నీ నెప్ట్యూన్స్ అనే ప్రొడ్యూసర్ల జంటవే, అంటే ఫారెల్ విలియమ్స్, చాడ్ హ్యూగోలవి. రాసి రాప్ చేసింది క్లిప్స్, అంటే వర్జీనియా అన్నదమ్ములు మాలిస్, పుషా టి. విడుదల 2006 నవంబర్ 28. చొక్కాల్లాగా సైజుల లెక్కన మార్కులేసే ఎక్స్‌ఎక్స్‌ఎల్ పత్రిక దీనికి తన దగ్గరున్న అతిపెద్ద సైజు ఇచ్చేసింది. ఆ మార్కు దక్కిన ఆల్బమ్‌లు బహు కొద్ది. సమీక్షల వెబ్‌సైట్ పిచ్‌ఫోర్క్ కూడా ఆకాశానికెత్తింది. ఇంత జరిగినా మొదటి వారం అమ్ముడైనవి సుమారు 80 వేల కాపీలు, ఆల్బమ్‌ల చార్టు బిల్‌బోర్డ్ 200లో 14వ స్థానం. క్లిప్స్ మొదటి ఆల్బమ్ ‘లార్డ్ విల్లిన్’ 2002లో 1,20,000 పైచిలుకు అమ్మి 4వ స్థానంలో దిగింది. రెండు నెలలు తిరక్కుండానే గోల్డ్, అంటే 5 లక్షల కాపీల గుర్తింపు, తెచ్చుకుంది.

‘జనానికి టేస్ట్ లేదు’ అనేది రాప్ అభిమానులు ఎప్పుడూ జేబులో పెట్టుకు తిరిగే సాకు. ఇక్కడ అది చెల్లదు. 2002లో వీళ్ల మొదటి ఆల్బమ్‌లోని ‘గ్రైండిన్’ కొన్నదీ ఆ జనమే. అది కూడా ఏమంత తియ్యటి పాట కాదు. బేస్ లైన్ లేదు, రాగం లేదు, తలుపులు దబాలున మూసినట్టు డ్రమ్ములు, మధ్యలో నాలుకతో చేసే టక్ టక్ చప్పుడు. అంత ఎండు బీట్ పాటల చార్టు హాట్ 100లో 30వ స్థానం దాకా ఎలా వెళ్లింది? స్కూల్లో భోజనాల బల్ల మీద పిడికిలితో ఎవరైనా వాయించగలిగే దరువు కాబట్టి. రేడియో అక్కర్లేదు, టేపు అక్కర్లేదు, బల్ల ఉంటే చాలు. పాట తనను తానే ప్రచారం చేసుకుంది.

ఇప్పుడు ఈ ఆల్బమ్ నుంచి మొదట బయటికొదిలిన ‘మిస్టర్ మీ టూ’ వినండి. ఇదీ ఎండు బీటే. కానీ ఇందులో ఉన్నవి నింపాదిగా పాకే సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) బేస్, దాని చుట్టూ బోలెడు ఖాళీ. హెడ్‌ఫోన్లో ఆ ఖాళీ అద్భుతంగా ఉంటుంది, బల్ల మీద మాత్రం వాయించలేం. పల్లవి ఉందా అంటే ఉంది, గొంతు లేపకుండా గొణిగినట్టు. విషయం చూస్తే తమ బట్టలు, బూట్లు, వాచీలు కాపీ కొట్టేవాళ్ల మీద వెటకారం, అంటే ఆ లోకం తెలిసినవాళ్లకే అందే హాస్యం. పైగా మొదటి చరణం ఫారెల్‌ది. నాలుగేళ్లు కనపడకుండా పోయిన జంట తిరిగొస్తూ, తమ గొంతు వినాలంటే ఒక చరణం ఆగమంటోంది. కారులో స్టేషన్లు మార్చుకుంటూ పోయేవాడు అంతసేపు ఆగడు. ఇంకో తమాషా కూడా ఉంది. అదే పాటలో తమ లేబుల్ జైవ్ తమతో న్యాయంగా ఆడలేదని పేరు పెట్టి మరీ చెప్పారు. ఆ పాటను రేడియో స్టేషన్లకు మోసుకెళ్లి ‘వేయండి బాబూ’ అని అడగాల్సింది ఆ జైవ్ మనుషులే.

రెండో సింగిల్ ‘వామ్ వామ్’లో స్టీల్ డ్రమ్ గలగల ఉంది, రాపర్ స్లిమ్ థగ్ ఉన్నాడు, ఊపు ఉంది. వరస మార్చి దీన్నే ముందు వదిలి ఉంటే కొంతైనా నయమయ్యేది. అయితే ఇందులోనూ పల్లవి నినాదమే తప్ప పాట కాదు. 2006 అంటే రింగ్‌టోన్లు జోరుగా అమ్ముడవుతున్న కాలం. ఆ ఏడాది జూన్‌లో అమెరికా రికార్డింగ్ సంఘం ఆర్‌ఐఏఏ రింగ్‌టోన్లకు కూడా గోల్డ్, ప్లాటినం ఇవ్వడం మొదలుపెట్టింది. పావు నిమిషంలో గుర్తుపట్టే రాగం ఉన్నవాడికి డబ్బు అక్కడ రాలుతోంది. ఈ ఆల్బమ్‌లో అలాంటి పావు నిమిషం కోసం వెతికితే ‘డర్టీ మనీ’ ఒక్కటే దగ్గరికొస్తుంది, మొత్తం పన్నెండింటిలో బలహీనమైన పాటల్లో అదొకటి కావడం విచిత్రం.

విమర్శకులు మెచ్చింది దేన్నంటే, సరిగ్గా రేడియోకి పనికిరానిదాన్నే. ‘మామా ఐ యామ్ సో సారీ’ మొత్తం ఒక అకార్డియన్ తిత్తి ఊపిరి మీద నడుస్తుంది. ‘రైడ్ అరౌండ్ షైనింగ్’లో తీగల మీద వేళ్లు జర్రున లాగినట్టు ఒక చప్పుడు పైకెక్కుతుంది, ఆగుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. అది ఎక్కడికీ చేరదు, ఎప్పుడు చేరుతుందా అని మనసు గుంజుతూనే ఉంటుంది. ‘కీస్ ఓపెన్ డోర్స్’లో కోరస్ గొంతులు దెయ్యాల్లా వెనక తిరుగుతుంటాయి. ‘ట్రిల్’లో సింథ్ చెడిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌లా గుర్రుమంటుంది. ఆ దశాబ్దంలో హిట్ పాటలకు చిరునామాగా ఉన్న ప్రొడ్యూసర్లు తమ దగ్గరున్న తీపంతా పక్కనపెట్టి చేదు ఒక్కటే వడ్డించారు. రోజుకు నాలుగు ఆల్బమ్‌లు వినే సమీక్షకుడికి ఆ చేదు విందు, వారానికో పాట కొనేవాడికి అది పథ్యం.

మాటల సంగతి కూడా అమ్మకాల సంగతే. ఆల్బమ్ అంతా కొకైన్ వ్యాపారం, దాంతో వచ్చే డబ్బు, ఆ డబ్బు వెంట వచ్చే పీడకలలు. తమ్ముడు పుషా గొప్పలు పోతుంటే అన్న మాలిస్ గొంతులో ఎక్కడో తల్లికి సంజాయిషీ చెప్పుకునే బరువు ఉంటుంది. ఆ రెండు గొంతుల రాపిడే ఈ సరుకులో అసలు బంగారం. కానీ అప్పట్లో అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ మ్యూజిక్ అమ్మే దుకాణం వాల్‌మార్ట్. 2008లో ఐట్యూన్స్ దాటేదాకా ఆ స్థానం దానిదే. పిల్లలకు తగదని హెచ్చరించే పేరెంటల్ అడ్వైజరీ ముద్ర ఉన్న ఆల్బమ్‌లను వాల్‌మార్ట్ అరల్లో పెట్టేది కాదు, మాటలు కోసేసిన ఎడిటెడ్ కాపీలే పెట్టేది. డ్యాన్స్ పాటలో నాలుగు బూతులు కోస్తే పాటకేమీ కాదు. శ్లేష మీద శ్లేష పేర్చుకుంటూ పోయే ఇలాంటి రాతలో కోత పడితే చరణం జల్లెడ అయిపోతుంది. దీన్ని ఎడిటెడ్ కాపీలో వినడం శుద్ధ దండగ.

ఇక ఆలస్యం. పని 2003 చివర్లోనే మొదలైంది. 2004లో సోనీ, బీఎంజీ సంగీత విభాగాలు ఏకమయ్యాయి. ఆ సర్దుబాట్లలో క్లిప్స్ ఉన్న లేబుల్ అరిస్టా నుంచి వాళ్ల కాంట్రాక్టు జైవ్ చేతికొచ్చింది. నెప్ట్యూన్స్ సొంత లేబుల్ స్టార్ ట్రాక్ మాత్రం ఇంటర్‌స్కోప్‌కి వెళ్లిపోయింది. అంటే బీట్లు కట్టేవాళ్లు ఒక ఇంట్లో, రాసేవాళ్లు ఇంకో ఇంట్లో. జైవ్ పాప్ గాయకులతో ఎదిగిన లేబుల్. విడుదల తేదీలు జరుగుతూ పోయాయి, వదిలెయ్యమని క్లిప్స్ కోర్టుకెక్కారు, చివరికి రాజీ కుదిరింది.

ఆ మధ్య కాలంలో వాళ్లు ఊరుకోలేదు. రాపర్లు అబ్ లివా, శాండ్‌మన్‌లతో కలిసి రీ-అప్ గ్యాంగ్ పేరుతో ‘వి గాట్ ఇట్ ఫర్ చీప్’ మిక్స్‌టేపులు వదిలారు. ఇతరుల బీట్ల మీద చేసినవి కాబట్టి వాటిని మామూలు దుకాణాల్లో పెట్టడం కుదరదు, నెట్‌లో చేతులు మారాయి. విమర్శకుల మోజు పెరిగింది ఈ టేపులతోనే. ఇక్కడో చిక్కుంది. మిక్స్‌టేప్‌తో వచ్చిన అభిమాని నెట్ నుంచి దించుకోవడానికి అలవాటు పడ్డవాడు. ‘గ్రైండిన్’తో వచ్చినవాడు డబ్బు పెట్టి కొన్నవాడు. నాలుగేళ్లలో రెండోవాడు జారిపోయాడు, మొదటివాడు చేరాడు. పొగిడే నోళ్లు పెరిగాయి, పర్సు తీసే చేతులు తగ్గాయి.

దుకాణం లెక్క ఇంకా మొరటుగా ఉంటుంది. ఎన్ని కాపీలు తెప్పించాలో నిర్ణయించే కొనుగోలుదారు సమీక్షలు చదవడు. రేడియోలో సింగిల్ ఎన్నిసార్లు తిరుగుతోంది, కిందటి ఆల్బమ్ ఎంత పోయింది, లేబుల్ ముందు వరస అరకి డబ్బు కడుతుందా, ఇవే చూస్తాడు. సింగిల్ నిలబడకపోతే ఆర్డరు తగ్గుతుంది. ఆర్డరు తగ్గితే లేబుల్ ప్రచారం ఖర్చు బిగపడుతుంది, రెండో వీడియో చప్పగా అవుతుంది. మొదటి వారం లెక్క వచ్చేసరికి అందరూ ‘చూశారా, ముందే అనుకున్నాం’ అంటారు. ముందే అనుకోవడమే కారణమని ఎవరూ అనరు.

తేదీ కూడా కలిసిరాలేదు. పేరున్న రాపర్లు వరసకట్టారు: నవంబర్ 14న ది గేమ్, 21న జే-జీ, స్నూప్ డాగ్ ఇద్దరూ దిగారు. వారం గడవగానే ఇది వచ్చింది. రాప్ కొనేవాడి పండగ బడ్జెట్ అప్పటికే సగం ఖర్చైపోయింది. జే-జీ ‘కింగ్‌డమ్ కమ్’కి సమీక్షలు గోరువెచ్చగా వచ్చాయి, మొదటి వారం అమ్మకం మాత్రం 6,80,000. ఆ వారం కొన్నవాళ్లు ఆల్బమ్ విని కొనలేదు, పేరు చూసి కొన్నారు. మొదటి వారం అమ్మకం ఎప్పుడూ కిందటి ఆల్బమ్‌కి పడే ఓటే.

న్యూయార్క్ రాపర్ నాస్ మొదటి ఆల్బమ్ ‘ఇల్‌మాటిక్’తో దీన్ని పోలుస్తుంటారు. 1994 ఏప్రిల్‌లో ది సోర్స్ పత్రిక దానికి ఐదుకు ఐదు మైకులు ఇచ్చింది, చార్టులో మాత్రం 12వ స్థానమే. కానీ కారణాలు వేరు. అక్కడ విడుదలకు ముందే దొంగ టేపులు న్యూయార్క్ వీధుల్లోకి వచ్చేశాయి. తర్వాత కాపీలు మెల్లగా కదులుతూ 2001కి ప్లాటినం, అంటే 10 లక్షల గుర్తింపు, దాకా చేరాయి. నాస్ 1996లో ప్రొడ్యూసర్లు ట్రాక్‌మాస్టర్స్‌తో నునుపు చేయించి, గాయని లారిన్ హిల్ చేత పల్లవి పాడించి తెచ్చిన రెండో ఆల్బమ్ ‘ఇట్ వాజ్ రిటెన్’ నేరుగా 1వ స్థానంలో దిగింది. క్లిప్స్ దారి సరిగ్గా తలకిందులు: మొదట హిట్, తర్వాత కళ.

మ్యాడ్‌విలన్ అనే మరో రాప్ జంట ఆల్బమ్ ‘మ్యాడ్‌విలనీ’ని కూడా ఈ గాటన కట్టేస్తారు, అది తప్పు. 2004లో అది బిల్‌బోర్డ్‌లో 179వ స్థానం దాటి పైకి రాలేదు. ఏడాదికి పైగా ముందే లీకైంది, పాటల్లో పల్లవులే దాదాపు లేవు. కానీ దాన్ని వదిలిన స్టోన్స్ త్రో చిన్న లేబుల్, ఖర్చూ చిన్నదే, కాబట్టి అది వాళ్లకు గెలుపు. పెద్ద లేబుల్ దగ్గర అడ్వాన్సు, వీడియో, రేడియో ప్రచారం ఖర్చులో చాలా భాగం కళాకారుడి వాటాలోంచే ముందుగా కోసుకుంటారు. అందుకే 80 వేల మొదటి వారం అనే అంకె ఒకరికి పండగ, ఇంకొకరికి సంతాపం.

స్ట్రీమింగ్ వచ్చాక ఈ తరహా ఆల్బమ్‌కి కొత్త చిక్కొచ్చింది. 2018లో బిల్‌బోర్డ్ పెట్టిన లెక్కలో, చందా కట్టి వినేవాళ్ల 1,250 ప్లేలు కలిస్తే ఒక ఆల్బమ్ అమ్మినట్టు ఉండేది. ఆ లెక్కన 12 పాటల ఆల్బమ్‌ని మొదటి నుంచి చివరిదాకా సుమారు 104 సార్లు తిప్పితే ఒక్క కాపీ. 24 పాటలు కూరినవాడికి సుమారు 52 సార్లు సరిపోయేది. పొందికగా కత్తిరించిన ఆల్బమ్‌కి అంకెల్లో జరిమానా పడుతుందన్నమాట. 2025లో క్లిప్స్ పదహారేళ్ల విరామం తర్వాత ‘లెట్ గాడ్ సార్ట్ ఎమ్ అవుట్’తో తిరిగొచ్చి మళ్లీ 4వ స్థానంలోనే దిగారు. 2006లో రాసిన పొగడ్తలకు వడ్డీ అప్పుడు ముట్టిందేమో.

కొనాలా అంటే, కొనండి. ఫోన్ స్పీకర్లో మాత్రం వినొద్దు. ‘ట్రిల్’లో గుర్రుమనే అడుగు భాగం, ‘మిస్టర్ మీ టూ’ బేస్ అక్కడ మాయమైపోయి, మిగిలే టిక్ టిక్ విని ‘ఇందులో ఏముంది’ అనుకుంటారు. చెవులు మూసే హెడ్‌ఫోన్ గానీ, అడుగు స్వరాలు పలికే కారు స్పీకర్లు గానీ కావాలి. మొదటిసారి వరసగా వినకండి. 5వ పాట, 8వ పాట, 10వ పాట విని, అవి పడితేనే మొదటికి రండి. మూడూ పడకపోతే ఈ ఆల్బమ్ మీది కాదు, అందులో నామోషీ లేదు. ‘హలో న్యూ వరల్డ్’ దగ్గర కాస్త నెమ్మదిస్తుంది, దాటేసినా నష్టం లేదు. ‘నైట్‌మేర్స్’ మాత్రం ఆఖరుకే ఉంచండి. 11 పాటలు కాలర్ ఎగరేసుకు తిరిగినవాళ్లు అక్కడ గాయకుడు బిలాల్ సన్నటి గొంతు వెనక, కిటికీ పక్కన నిద్రపట్టక కూర్చుని ఉంటారు.