గ్లాస్టన్‌బరీ బురదను తట్టుకునే ట్రాలీ ఏది?

ఇంగ్లండులో గ్లాస్టన్‌బరీ వంటి వేసవి సంగీతోత్సవాలకు గుడారంతో, పిల్లలతో వెళ్లే తెలుగు కుటుంబాలు నాకు తెలిసినవే చాలా ఉన్నాయి. టికెట్టు గురించీ, గుడారం గురించీ, వాన కోట్ల గురించీ నెలల ముందే ఆలోచించేవారు కూడా ఆ సామానంతటినీ కారు దగ్గర నుంచి గుడారం వేసే చోటికి చేర్చే ట్రాలీని మాత్రం చివరి వారంలో, ఫొటో చూసి, పెట్టె మీద ఎన్ని కిలోలు మోస్తుందని రాశారో చూసి కొనేస్తారు. ఆ కిలోల అంకె బురదలో దేనికీ పనికిరాదు. గుడ్డ తొట్టి ఉండే మడత ట్రాలీ, ఇనుప జాలీ గోడలుండే తోటబండి, ఒంటిచక్రపు తోపుడు బండి, ఈ మూడింటినీ తడి నేలలో లాగి చూసిన అనుభవంతో ఇది రాస్తున్నాను. బండిని కొనేటప్పుడు చూడవలసింది తొట్టిని కాదు, చక్రాన్నీ ఇరుసునూ అని నా నిశ్చితాభిప్రాయం.

ముందుగా నేల సంగతి. గ్లాస్టన్‌బరీ ఉత్సవం 1970 నుంచి సోమర్సెట్‌లోని పిల్టన్ గ్రామం దగ్గర, వర్తీ ఫార్మ్ అనే పాడి క్షేత్రపు పొలాల్లో జరుగుతున్నది. అక్కడిది బంకమన్ను. 1997, 1998, 2005, 2007, 2016 సంవత్సరాల్లో అక్కడి బురద ఎలా ఉండేదో వెళ్లినవారు ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండు లక్షల మంది దాకా నడిచే దారుల్లో గడ్డి తొలిరోజే నలిగిపోతుంది, ఆ తర్వాత మిగిలేది తొక్కిన మట్టే. కారు నిలిపిన చోటు నుంచి గుడారాల మైదానానికి ఒక మైలుకు పైగా నడవవలసి రావడం అక్కడ మామూలు విషయం. వాన కురుస్తున్నప్పటి పలుచని బురద కన్నా, వాన వెలిసి సగం ఆరిన చిక్కని బురద చాలా ప్రమాదకరమని ముందే తెలుసుకోవాలి. పలుచని బురదలో చక్రం జారుతూనైనా సాగుతుంది. చిక్కని బురద చక్రాన్ని పట్టుకుని వదలదు. తొలకరిలో నల్లరేగడి చేలో బండి తోలిన వారికి ఈ మాట వివరించనక్కరలేదు.

మడత ట్రాలీలు చూడడానికి ముచ్చటగా ఉంటాయి, పది పన్నెండు కిలోల బరువుతో కారు డిక్కీలో సులువుగా ఇమిడిపోతాయి. పార్కులో, ఆరిన పచ్చిక మీద, రైల్వే స్టేషనులో వాటికి వంక పెట్టలేము. అయితే వీటి చక్రాలు సాధారణంగా 18 సెంటీమీటర్ల వ్యాసానికి అటూఇటూగా, గట్టి ప్లాస్టిక్‌తో చేసినవి. మెత్తని నేల మీద చక్రం తన మీద పడిన బరువును నేల ఆపగలిగేంత వరకు దిగబడుతూ పోతుంది. చిన్న చక్రమైతే నేలను తాకే భాగం తక్కువ కనుక ఎక్కువ లోతుకు దిగబడుతుంది, ఆ గుంటలోనుంచి పైకెక్కడానికి ప్రతి అడుగుకూ మనిషి బలమే ఖర్చు కావాలి. అంతకన్నా పెద్ద లోపం ముందు చక్రాల దగ్గర ఉంది. చక్రం ఇటూ అటూ తిరగడానికి దాని పైన బిగించిన కవచానికీ చక్రానికీ మధ్య ఖాళీ ఒక వేలు పట్టేంతే ఉంటుంది. దారుల మీద పరిచే గడ్డిపోచలతో కలిసిన బంకమన్ను ఆ ఖాళీలోకి ఎక్కి, నాలుగు గజాలు పోయేసరికి మేకు దిగ్గొట్టినట్టు చక్రాన్ని నిలిపివేస్తుంది. అక్కడి నుంచి మనం లాగేది బండిని కాదు, తిరగని చక్రాల మీద జారుతున్న మూటను. పుల్లతో మట్టి గీకి, మళ్లీ లాగి, మళ్లీ గీకడం తప్ప వేరే దారి ఉండదు. తొట్టి అడుగు గుడ్డదే కనుక బరువుకు కిందికి వేలాడి అది కూడా బురదను రాసుకుంటూ వస్తుంది. 'వంద కిలోలు మోయగలదు' అన్న హామీ గచ్చు మీద నిజమే కావచ్చు. తడి పొలానికి మాత్రం మడత ట్రాలీని నేను ఎవరికీ సిఫారసు చేయను.

ఇక ఇనుప జాలీ తోటబండి. తోట పనుల సామాను అమ్మే పెద్ద దుకాణాలన్నింటిలోనూ దొరుకుతుంది, ఉత్సవాల కోసం ప్రత్యేకించి చేసింది కాదు. నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే. గాలి టైర్లు, నాలుగు పక్కలా విప్పదీయగలిగే జాలీ గోడలు, నేలకు బాగా ఎత్తుగా ఉండే చట్రం దీని బలాలు. మామూలు రకానికి 10 అంగుళాల చక్రాలుంటాయి. టైరు పక్కన దాని కొలత 4.10/3.50-4 అని రాసి ఉంటుంది. కొంచెం బరువైన రకానికి 13 అంగుళాల చక్రాలు వస్తాయి. డిక్కీలో పడుతుందనుకుంటే కళ్లు మూసుకుని 13 అంగుళాలదే తీసుకోవాలి, ఎందుకంటే ఆ మూడంగుళాల తేడా దుకాణంలో చిన్నదిగా కనిపించినా గుంటలో పడ్డ బండిని బయటికి లాగేటప్పుడు భుజాలకు స్పష్టంగా తెలుస్తుంది. ఈ చక్రాల చుట్టూ కవచం ఉండదు, టైరుకూ తొట్టికీ మధ్య పిడికిలి దూరేంత ఖాళీ ఉంటుంది. అందువల్ల అంటుకున్న మట్టి తిరుగుతూనే రాలిపోతుంది. నా దృష్టిలో ఈ బండిని గెలిపించేది ఈ ఒక్క గుణమే. జాలీ అడుగు నుంచి నీరు కారిపోతుంది కనుక సామాను మడుగులో నానదు గాని, చక్రాలు చిమ్మే బురద పైకి వస్తుంది, కాబట్టి అడుగున ఒక టార్పాలిన్ ముక్క పరవాలి.

గాలి టైరా, పంక్చరు కాని గట్టి టైరా అన్న ప్రశ్న తరచు వస్తుంది. గట్టి టైర్లకు గాలి కొట్టే పని లేదు, గుడారపు మేకు గుచ్చుకున్నా భయం లేదు. అయినా బురదకు నేను గాలి టైర్లనే కోరుకుంటాను, ఎందుకంటే గాలి కొంత తగ్గించినప్పుడు టైరు చదునై నేలను ఎక్కువ మేర తాకుతుంది, తక్కువ దిగబడుతుంది. టైరు పక్కన ముద్రించిన గరిష్ఠ పీడనంలో సగం దాకా తగ్గించవచ్చు. మరీ తగ్గిస్తే మాత్రం రిమ్ము మీద టైరు జారి, లోపలి ట్యూబు వాల్వు మొదట్లో తెగిపోతుంది. చిన్న చేతి పంపు, ఒక అదనపు ట్యూబు వెంట ఉంచుకుంటే సరిపోతుంది.

దుకాణంలో బండిని తలకిందులు చేసి చూడమని నా మనవి. చక్రం మధ్యలో బేరింగు ఉన్నదా, ఉత్త ప్లాస్టిక్ గొట్టమే ఉన్నదా అన్నది వేలితో తిప్పితే తెలిసిపోతుంది. ప్లాస్టిక్ గొట్టంలోకి ఇసుక చేరితే ఇరుసును కొరికేస్తుంది, చక్రం ఊగడం మొదలవుతుంది. ఇరుసు చివర చక్రాన్ని పట్టి ఉంచేది చాలా బండ్లలో ఒక సన్నని స్ప్లిట్ పిన్ను, అంటే ఇరుసు రంధ్రంలో దూర్చి రెండు కాళ్లనూ విడదీసి వంచే తీగ మేకు. కొన్నింటిలో దాని కాళ్లు విడదీయకుండానే పెట్టెలో పెట్టి పంపుతారు. అది ఊడితే చక్రం ఊడినట్టే, అందుకని పిన్ను కాళ్లను పటకారుతో పూర్తిగా వంచి, వాషరు సరిగా కూర్చున్నదో లేదో చూసి, ఇరుసుకు గ్రీజు రాసి బయలుదేరాలి. లాగే కడ్డీ పొడవు కూడా గమనించదగినదే. పొట్టి కడ్డీ అయితే దిగుడులో బండి ముందు అంచు మడమలకు తగులుతుంది. ఇద్దరు కలిసి లాగదలచినప్పుడు అదనపు తాడును కడ్డీకి కాక ముందు చట్రానికి కట్టాలి. కడ్డీ మొదట ఉండే మడత బందు అడ్డంగా గుంజే బలానికి వంగిపోతుంది.

తోపుడు బండి గురించి రెండు మాటలు చాలు. దాని చక్రం దాదాపు 16 అంగుళాలు ఉంటుంది కనుక లోతు బురదలో అన్నిటికన్నా సులభంగా దొర్లుతుంది. కాని బరువులో కొంత భాగం చేతుల మీదే మోయాలి, పక్కకు ఒరిగిందా సామానంతా నేలపాలు. మైలు దూరం నడవడానికి, అందులోనూ పిల్లలు వెంట ఉన్నప్పుడు, అది తగదు.

నలుగురికి సరిపడే గుడారం, పరుపులు, దుప్పట్లు, నీళ్లు, తిండి కలిపితే డెబ్బై కిలోలు తేలికగా దాటుతాయి. గుడారం సంచినీ నీళ్ల డబ్బాలనూ అడుగున, వెనక ఇరుసుకు దగ్గరగా పెట్టాలి. ముందు చక్రాల మీద బరువు తక్కువగా ఉంటేనే బండి తిప్పడానికి వీలవుతుంది. ఎత్తుగా పేర్చితే వాలు నేలలో మలుపు దగ్గర బోల్తా పడుతుంది. పైన బెల్టులతో బిగించాలి, సాగే రబ్బరు తాళ్లు కుదుపులకు వదులవుతాయి. గ్లాస్టన్‌బరీలోకి గాజు వస్తువులను రానివ్వరు, కాబట్టి ఆవకాయను ఇంటి దగ్గరే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి, మూత మీద మరో సంచి చుట్టి, నిలువుగా ఉండే మూలలో పెట్టుకోవాలి. పులిహోర పైన ఉండాలి, ఎందుకంటే గుడారం వేసేలోపే పిల్లలు అడుగుతారు.

తోటబండికి ఉన్న లోపాలు కూడా చెప్పాలి. ఖాళీ బండే ఇరవై కిలోల ప్రాంతంలో తూగుతుంది, మడవడానికి వీల్లేదు. చిన్న కారులో గోడలు విప్పి, కడ్డీ వంచి, వెనక సీటు పడుకోబెట్టినా కష్టమే. అలాంటివారు పొలంలో జరిగే ఉత్సవానికి సామాను తగ్గించుకుని వీపు సంచులతో వెళ్లడం మేలు. ట్రాలీలను లోనికి అనుమతిస్తారా, ఏ ద్వారం దగ్గర ఆపేస్తారు అన్నది ఉత్సవాన్ని బట్టి మారుతుంది, ఆ యేటి నిబంధనలు చదివాకే డబ్బు పెట్టాలి. పొలానికి విశ్రాంతినిచ్చే ఆనవాయితీ ప్రకారం గ్లాస్టన్‌బరీకి 2026 విరామ సంవత్సరం కనుక, అక్కడికి వెళ్లదలచినవారికి పాత బండిని వెతుక్కోవడానికి వ్యవధి ఉంది. తోటపని కోసం ఒకరు వాడిన బండి సగం ధరకే దొరుకుతుంది, టైర్లు పగుళ్లు లేకుండా, ఇరుసు వంగకుండా ఉంటే కొత్తదానికి ఏమాత్రం తీసిపోదు. తిరిగి వచ్చిన రోజే గొట్టంతో కడిగి, చక్రాలు ఊడదీసి, ఇరుసు తుడిచి గ్రీజు పెట్టాలి. బంకమన్ను ఆరితే బేరింగులో రాయిలా బిగుసుకుంటుంది.