బిగుసుకున్న కండరాలకు ఏది మేలు: మాత్రా, ఇంజెక్షనా, శస్త్రచికిత్సా?

పసితనంలోనే మెదడు దెబ్బతిని కదలికలు కష్టమయ్యే సెరిబ్రల్ పాల్సీలో ఆ నష్టం కాలంతో పెరగదు, కానీ బిడ్డ పెరుగుతుంది. ఎముక పొడవయ్యేంత వేగంగా బిగుసుకున్న కండరం సాగలేదు కనుక, మూడేళ్లప్పుడు కాస్త పట్టి ఉంచితే నేలకు ఆనిన మడమ ఏడేళ్లకు ఎంత నొక్కినా ఆనకపోవచ్చు. ఈ పిల్లల్లో నూటికి దాదాపు 80 మందిలో ఉండే ఈ బిగువును వైద్యులు స్పాస్టిసిటీ అంటారు.

బాక్లోఫెన్ మాత్ర ఒక్క కాలిని ఎంచుకోలేదు, ఒళ్లంతటినీ వదులు చేస్తుంది. డైపర్ మార్చడానికి తొడలు విడదీయడమే కష్టమయ్యేంతగా కాళ్లూ చేతులూ బిగుసుకున్న బిడ్డకు అది ఉపయోగపడుతుంది. అయితే మగత వస్తుంది, నిలవని మెడ మరింత వాలవచ్చు. ఆ మందును ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉన్నందున, మానాలన్నా వైద్యుల సలహాతో మెల్లగా తగ్గించాలి.

బొటులినమ్ టాక్సిన్ ఇంజెక్షన్ అలా కాదు. గుచ్చిన కండరానికి నరం నుంచి అందే రసాయన సంకేతాన్ని అడ్డుకుని, సుమారు 3 నుంచి 6 నెలలు దాన్ని సడలిస్తుంది. మునివేళ్ల మీద నడిచే బిడ్డకు పిక్క కండరం ఒక్కటే అడ్డయినప్పుడు ముందు ఇదే మేలని నా అభిప్రాయం. కానీ ఆ నెలల్లో రోజూ నిలబడడం, మెట్టెక్కడం, అడుగు వేయడం సాధన చేయించకపోతే బిడ్డకు సూది నొప్పి తప్ప పెద్దగా మిగిలేదేమీ ఉండదు. అప్పటికే కురచబడి, మెల్లగా వంచినా కదలని కండరాన్ని ఈ మందు పొడవు చేయలేదు. దానికి వరుసగా మార్చే పిండికట్లో, ఎముకల వైద్యుల శస్త్రచికిత్సో అవసరమవుతుంది.

బిగువు తగ్గించడానికి వెన్ను దిగువన కొన్ని నరాల పోగులను కోసే శస్త్రచికిత్స, రైజోటమీ, శాశ్వతమైనది, వెనక్కి తీసుకోలేనిది. ప్రధానంగా కాళ్లలోనే బిగువు ఉండి, కండబలం బాగున్న, సుమారు 4 నుంచి 10 ఏళ్ల పిల్లలకే ఇది ఎక్కువగా నప్పుతుంది. కొందరు పిల్లలు ఆ బిగువును ఊతగా చేసుకునే నిలబడతారు. అది తీసేస్తే దాని కింద దాగిన బలహీనత బయటపడుతుంది. అందుకే ఏం తగ్గించాలన్నదాని కంటే ముందు, ఆ బిగువు బిడ్డకు ఏ పనిలో అడ్డు, ఏ పనిలో ఆసరా అన్నది ఫిజియోథెరపిస్టుతో కూర్చుని తేల్చుకోవాలి.

ఏ దారి ఎంచుకున్నా వైద్యులు చెప్పిన గడువుకు తుంటి ఎక్స్‌రే తీయించాలి. ముఖ్యంగా నడవని పిల్లల్లో తుంటి కీలు మొదట్లో నొప్పి తెలియకుండానే గూటి నుంచి పక్కకు జరుగుతుంది, కంటికి కనబడని ఆ జరుగుడు ఎక్స్‌రేలోనే తెలుస్తుంది.