కగామి మోచి: ప్లాస్టిక్ తొడుగులో నైవేద్యం

జపానులో కొత్త సంవత్సరానికి ఇంటికి విచ్చేసే తోషిగామి దేవునికి నివేదించే కగామి మోచిని, అంటే ఒకదానిపై ఒకటి పేర్చిన జిగురు బియ్యపు ముద్దలను, ఈసారి టోక్యోలో మా వీధి సూపర్ మార్కెట్లో కొన్నాను. పైన ఉంచే దైదై నారింజ పేరులోనే ‘తరతరాలు’ అనే అర్థం ధ్వనిస్తుంది. అటువంటి పండు ఇందులో ప్లాస్టిక్‌ది కావడం నాకు నచ్చలేదు. ముద్దలుగా కనిపించేదీ తొడుగే, లోపల విడివిడిగా చుట్టిన చిన్న మోచి బిళ్లలున్నాయి. అయితే ఇంట్లో దంచి చేసినది ఎండి బీటలువారి బూజు పడుతుంది, ఇది పట్టలేదు. జనవరి 11న, కగామి బిరాకి నాడు, కత్తితో కోయడం అశుభమని మోచిని సుత్తితో పగలగొడతారు. దీని అడుగు రేకు మాత్రం గోటికి లొంగక కత్తెర పట్టించింది, నియమం అక్కడే తప్పింది. ఎర్రని అజుకి గింజల తీపి జావ ఒషిరుకోలో వేయగా బిళ్లలు మెత్తబడి చక్కగా తీగ సాగాయి.