మాస్టొడాన్‌లో కొన్నేళ్లు: వరుస బాగుంది, వచ్చే సరుకే ఒకటే రకం

ట్విట్టర్ ఎలాన్ మస్క్ చేతికి వెళ్లిన కొద్ది రోజులకే, 2022 నవంబరులో, చాలామందితో పాటు నేనూ మాస్టొడాన్‌లో ఖాతా తెరిచాను. ఇదీ ట్విట్టర్ లాంటి సామాజిక మాధ్యమమే, కాని దీనిని ఒకే సంస్థ నడపదు; ఎవరెవరో నడిపే వేర్వేరు సర్వర్లు ఒకదానితో ఒకటి కలిసి పనిచేస్తాయి. అప్పటినుంచి దాదాపు రోజూ వాడుతున్నాను. సర్వర్ ఎలా ఎంచుకోవాలో, యాప్ ఏది మంచిదో ఇప్పటికే ఎందరో రాశారు కనుక వాటి జోలికి పోను. ఇక్కడి హోమ్ టైమ్‌లైన్‌లో మనం అనుసరించేవారి పోస్టులు వారు పెట్టిన వేళను బట్టి వరుసగా వస్తాయి, మనకు ఏది చూపాలో తేల్చే అల్గారిదమ్ ఏదీ నడుమ వేలు పెట్టదు. ఈ ఏర్పాటు మీద నాకు ఎంత మక్కువ ఉందో, ఆ వరుసలో వచ్చేదంతా ఒకే రకం సరుకు కావడం మీద అంత విసుగూ ఉంది.

2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్ జరుగుతున్నది. నలభై ఏడు పరుగుల మీద ఊపుగా ఆడుతున్న రోహిత్ శర్మ బంతిని గాల్లోకి లేపగా, ట్రావిస్ హెడ్ వెనక్కి పరుగెత్తి దానిని అందుకున్నాడు. ఇంట్లో అందరూ తలలు పట్టుకున్న ఆ క్షణంలో, నలుగురితో గోడు వెళ్లబోసుకుందామని మాస్టొడాన్ తెరిచాను. టైమ్‌లైన్ నిండా శామ్ ఆల్ట్‌మన్! అంతకు రెండు రోజుల ముందు, చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థ బోర్డు ఆయనను అధిపతి పదవి నుంచి తొలగించింది. దాని మీద వాదోపవాదాలు, వాటికి జవాబులు, ఆ జవాబుల మీద చురకలు. వాటి మధ్యలో ఎవరో కంప్యూటర్‌ను నడిపించే లైనక్స్‌లో ఒక రకమైన డెబియన్‌ను ఇన్‌స్టాల్ చేసుకున్న వైనం, మరెవరో ట్విట్టర్ ఎంత పాడైపోయిందో వివరించిన పోస్టుల పెద్ద వరుస. (ట్విట్టర్ వదిలి వచ్చినవారు ట్విట్టర్ గురించి మాట్లాడినంతగా అక్కడ ఉన్నవారు కూడా మాట్లాడరేమో.) తెలుగులో క్రికెట్ అని హ్యాష్‌ట్యాగ్ కొట్టి చూస్తే ఒక్క పోస్టూ లేదు. ఆంగ్లంలో కొట్టితే కొన్ని వచ్చాయి గాని, వాటిలో ఎక్కువ భాగం ఆస్ట్రేలియా వాళ్లవి. ఆ పూట వాటిని చదివే ఓపిక నాకు లేకపోయింది.

దీనికి మనుషులు తక్కువగా ఉండడం ఒక్కటే కారణం కాదు, ఈ వ్యవస్థ పనిచేసే తీరు కూడా కారణమే. వేరే సర్వర్‌లో ఎవరైనా రాసినది సాధారణంగా మన సర్వర్‌కు చేరాలంటే, ఆ మనిషిని మన సర్వర్‌లో కనీసం ఒక్కరైనా అనుసరిస్తూ ఉండాలి, లేదా మనవారు అనుసరించే ఎవరైనా దానిని తిరిగి పంచి ఉండాలి. లైనక్స్ గురించి రాసేవారికి ప్రతి సర్వర్‌లోనూ అనుచరులు ఉంటారు కనుక వారి రాతలు అంతటా పారుతాయి. తెలుగులో మిర్చి ధరల గురించో, డీఎస్సీ గురించో, కొత్త సినిమా గురించో ఎక్కడో ఒకరు రాస్తున్నా, నాలాంటివాడు చిన్న సర్వర్‌లో కూర్చుని హ్యాష్‌ట్యాగ్ వెతికితే అది కనబడకపోవచ్చు. అల్గారిదమ్ లేకపోవడం గొప్ప సుఖమని మొదట్లో స్నేహితులందరికీ చెప్పాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను గాని, పక్కన మరో మాట చేర్చవలసి వస్తున్నది: మనకు తెలియని మనిషిని తెచ్చి మన ముందు నిలబెట్టే పని కూడా ఇక్కడ మనమే చేసుకోవాలి. పైగా వేళను బట్టి వరుస అన్నప్పుడు, గంటకు పది పోస్టులు పెట్టేవాడి కింద వారానికి ఒకటి రాసేవాడు మునిగిపోతాడు. మాస్టొడాన్ 4.2 వెర్షన్‌లో, ఒక జాబితాలో చేర్చినవారిని హోమ్ నుంచి తప్పించే వీలు వచ్చాక వాగుడుకాయలను అలా పక్కకు పెట్టి కొంత ఊపిరి పీల్చుకున్నాను.

అయితే ఆనందపడిన సందర్భమూ ఒకటి ఉంది. కొల్లేరు దగ్గర ఆటపాకలో తీసిన గూడబాతుల ఫొటో ఒకటి, తెలుగులో రెండు వాక్యాలు, ఆంగ్లంలో రెండు వాక్యాలు రాసి పెట్టాను. చూపులేనివారి కోసం ఫొటోకు వర్ణన రాయడం అక్కడ గట్టి ఆచారం కనుక, పక్షులు గూళ్లు కట్టుకోవడానికి నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల గురించి ఆ వర్ణనలో చెప్పాను. చెట్లు ఉండగా ఇనుము ఎందుకని ఒకరు, గూడుకు పుల్లలు ఎక్కడినుంచి తెచ్చుకుంటాయని మరొకరు అడిగారు. వారం గడిచాక కూడా పక్షుల హ్యాష్‌ట్యాగ్ అనుసరించేవారు ఎవరో ఒకరు వచ్చి పలకరిస్తూనే ఉన్నారు. నేను ఎంతో కష్టపడి రాసిన సాఫ్ట్‌వేర్ పోస్టులకు అందులో సగం స్పందన కూడా ఎన్నడూ రాలేదు. వేరే రకం రాతలు చదవడానికి జనం అక్కడ ఉన్నారు, రాసేవారే రావడం లేదు.

2019 నవంబరులో, న్యాయవాది సంజయ్ హెగ్డే ట్విట్టర్ ఖాతాను నిలిపివేశాక, మన దేశం నుంచి ఒక పెద్ద గుంపే ఇటు వచ్చింది. వారిలో చాలామంది మళ్లీ వెనక్కి వెళ్లిపోయారు. తెలుగుకు చోటిచ్చిన, ట్విట్టర్ లాంటి మన దేశపు మాధ్యమం ‘కూ’ 2024 జులైలో మూతపడింది. అలా చూస్తే ఏ ఒక్క సంస్థ చేతిలోనూ లేని మాస్టొడాన్ నిలిచి ఉండడమే మేలు అనిపిస్తుంది.

నా ఉద్యోగం కంప్యూటర్లతోనే కనుక అక్కడ దొరికే సరుకులో సగమైనా నాకు పనికివస్తుంది, ప్రకటనలు లేని ప్రశాంతత అదనం. అందుకని నేను మానను. మ్యాచ్ ఉన్న రోజు మాత్రం వేరే చోటికి వెళ్తాను. మా తమ్ముడు క్రికెట్, సినిమా తప్ప మరొకటి చదవడు. ఖాతా తెరవమంటావా అన్నయ్యా అని వాడు అడిగితే, ఇప్పుడప్పుడే వద్దులే అన్నాను.